తట్టేకాడ్ అడవిలో ఒక ఆటవెలది

ముప్పయ్యేళ్ళు కళాశాలలో తెలుగు పాఠం చెప్పి, అందులో పాతికేళ్ళపాటు పద్యాలు కూడా రాసినదాన్నే అయినా, కోకిలను కంటితో చూసి గుర్తుపట్టడం నాకు యాభై ఎనిమిదో ఏట గాని చేతకాలేదు. పదవీ విరమణ చేసిన ఏడాది వేసవిలో మా వీధి చివరి వేపచెట్టు మీద ఎర్రని కళ్ళతో, నిగనిగలాడే నల్లని ఒంటితో కూర్చున్న పక్షిని పక్కింటి కుర్రవాడు చూపించి, అలా కూసేది మగ కోకిల అనీ, ఆడదాని ఒళ్ళు గోధుమరంగు మీద తెల్లని చుక్కలతో ఉంటుందనీ, దాని గొంతులో ఆ పాట లేదనీ చెప్పాడు. ఆ రాత్రి నా పాత పుస్తకాలు తీసి, 'కోకిలమ్మ పాడె' అన్న ధోరణిలో నేను రాసిన పద్యాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. పదకొండు తేలాయి. ఒక్కదానిలోనూ పాట పాడుతున్నది మగపక్షి కాదు.

ఆ లెక్కే నన్ను అడవికి పంపింది. మన కావ్యాలలో హంస నీటి నుంచి పాలను వేరుచేస్తుంది, చకోరం వెన్నెల తాగుతుంది, చాతకం వానచినుకు కోసం నోరు తెరుచుకుని ఉంటుంది. ఈ పక్షులలో దేనినీ కవి చూసి ఉండవలసిన పని లేదు, ఎందుకంటే పేరు చెప్పగానే పాఠకుడి మనసులో అర్థం ముందే సిద్ధంగా కూర్చుని ఉంటుంది. దీన్ని నేను తప్పుపట్టడం లేదు. కవిసమయం, అంటే కవులందరూ ఒప్పుకుని వాడుకునే ఇలాంటి ఊహ, తరాలవారు కూడబెట్టిన ఆస్తి. కాని నేను సొంతంగా ఒక్క రూపాయి సంపాదించకుండా ఆ ఆస్తి మీద వచ్చే వడ్డీతోనే ఇంతకాలం కాలక్షేపం చేశానని ఆ రాత్రి నాకు అనిపించింది. అందుచేత తెలుగు పద్యంలో ఇంతవరకు పేరైనా పడని పక్షులు ఉండే చోటికి వెళ్ళి, అక్కడ ఒక్క పద్యమైనా పుడుతుందో లేదో చూడాలని నిశ్చయించుకున్నాను.

కేరళలోని తట్టేకాడ్‌ను ఎంచుకోవడానికి కారణం పక్షిశాస్త్రవేత్త సలీం అలీ. ఆయన 1933లో తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానాలలో పక్షుల సర్వే చేస్తూ ఈ ప్రాంతానికి వచ్చి, దక్షిణ భారతంలో పక్షిసంపద ఇంత దట్టంగా ఉన్న చోటు మరొకటి లేదని భావించారు. ఎర్నాకుళం జిల్లాలో, పెరియార్ నది ఉత్తరపు ఒడ్డున, 25 చదరపు కిలోమీటర్ల మేర ఉన్న ఈ అడవిని 1983లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడు దానికి ఆయన పేరే ఉంది. దేశంలోని పెద్ద అభయారణ్యాలతో పోలిస్తే ఇది పెరటితోట వంటిదే. అయితే పడమటి కనుమల పాదాల దగ్గర, నది పక్కన, నిత్యహరితమైన చెట్లూ ఆకురాల్చే చెట్లూ వెదురు పొదలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయిన చోటు కావడం వల్ల రకరకాల పక్షులకు ఇక్కడ ఇల్లు దొరికింది.

సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆలువలో దిగి, అక్కడి నుంచి బస్సులో కోతమంగళం, ఆ పైన ఆటోలో తట్టేకాడ్ చేరాను. ఫిబ్రవరి నెల. నాలుగు రోజులకు ఒక హోమ్‌స్టేలో గది తీసుకున్నాను. అక్కడివారే ఏర్పాటు చేసిన గైడ్‌కు ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. నాతో కొంత ఇంగ్లీషు, కొంత తమిళం కలిపి మాట్లాడేవాడు. నేను పాఠాలు చెప్పేదాన్నని తెలిసిన మరుక్షణం నుంచి నన్ను 'టీచర్' అనే పిలిచాడు. మన వైపు 'మేడమ్' అన్న మాటలో ఉండే దూరం ఆ పిలుపులో లేదు. నేను అతన్ని 'తమ్ముడూ' అన్నాను. ఆ మాటకు అర్థం చెప్పనక్కరలేకపోయింది.

మొదటి ఉదయం అయిదున్నరకు అడవి అంచుకు చేరాము. నా మెడలో మా అమ్మాయి కొనిపెట్టిన కొత్త బైనాక్యులర్స్ ఉన్నాయి. అవి పదింతలు పెద్దవి చేసి చూపిస్తాయని నేను గర్వపడుతుంటే, అతను తన ఎనిమిదింతలవాటిని నాకిచ్చి నావి సంచిలో పెట్టించాడు. అడవిలో ఎక్కువ పెద్దది చేస్తే చూపు ఇరుకవుతుందనీ, చేతి వణుకు కూడా పెద్దదవుతుందనీ, ఆకుల మధ్య పక్షిని వెతికి పట్టడానికి వెడల్పైన చూపు, ఎక్కువ వెలుగు కావాలనీ అతని వాదన. అది నిజమని ఒక గంటలో తెలిసింది. ఇంకొక సంగతి కూడా తెలిసింది. వానల అడవిలో పక్షులు కనిపించవు. బయట తెల్లవారిపోయినా కింద నేల మీద ఇంకా చీకటి. తల ఎత్తితే నూరడుగుల ఎత్తున ఆకుల కప్పు. ఆ కప్పులో ఎక్కడో ఒక కదలిక, అంతలోనే అది కూడా లేదు. చెరువు గట్టు మీద నిలబడి కొంగలను చూడడం వంటి పని కాదు ఇది.

"కళ్ళు తరువాత టీచర్, ముందు చెవి," అన్నాడు అతను. చెవికి మొదట అందినది ఒకే తీరున, విసుగు లేకుండా సాగే ఒక కూత. ఆకుపచ్చని ఒళ్ళు, చెంపల మీద తెల్లని చారలు, లావుపాటి ముక్కు ఉన్న బార్బెట్ అది, మలయాళంలో చిన్నకుట్టురువన్. దాని పేరు దాని గొంతులోంచే పుట్టింది. ముందు గొంతు సవరించుకుంటున్నట్టు ఒక గురగుర, ఆ తరువాత 'కుటూ కుటూ కుటూ కుటూ' అని ఆగకుండా సాగే వరుస. పొట్టి అక్షరం, పొడుగు అక్షరం. మళ్ళీ పొట్టి, మళ్ళీ పొడుగు. పాతికేళ్ళ అలవాటు కొద్దీ నా వేళ్ళు వాటంతటవే లఘువు గురువులు లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. పొట్టిది లఘువు, పొడుగుది గురువు, రెండూ కలిస్తే లగము: లగము, లగము, లగము, లగము. ఎనిమిది లగాలు వరుసగా వస్తే పంచచామరం అనే వృత్తంలో ఒక పాదం. ఛందోగ్రంథాల పేరు కూడా వినని ఒక పిట్ట నా నెత్తి మీద కూర్చుని జ-ర-జ-ర-జ-గ గణాలను పొల్లుపోకుండా అప్పజెబుతోంది. నా నోట్‌బుక్‌లో ఆ ప్రయాణంలో పడిన మొదటి గీత ఒక గణవిభజన.

దానితో నాకొక పద్ధతి దొరికింది. పక్షి ఏ రంగులో ఉందో రాయడానికి ముందు, దాని కూతను తెలుగు అక్షరాలలో పెట్టి గురులఘువులు గుర్తించడం. కొన్ని కూతలు ఏ గణానికీ లొంగలేదు. ఆ లొంగనివాటిని కూడా అలాగే రాసుకున్నాను.

పేర్ల సంగతి వేరు. అతను ఒక్కొక్క పక్షికి మలయాళం పేరు చెప్పి అర్థం వివరిస్తుంటే నాకు అసూయ కలిగింది. ట్రోగన్ అనే పక్షిలో మగదాని కడుపు నిప్పులా ఎర్రగా ఉంటుంది కాబట్టి అది తీక్కాక్క, అంటే నిప్పుకాకి. కొండవాగుల దగ్గర మనిషిలా ఈల వేసే పక్షి చూళక్కాక్క, అంటే ఈలకాకి. మలయాళీలకు కాకి ఒక కొలబద్ద కాబోలు అని నవ్వుకున్నాను గాని, వారి భాష ఈ పక్షులతో కలిసి బతికిందని ఒప్పుకోక తప్పలేదు. మనకూ పేర్లకు కొదవ లేదు. పాలపిట్ట, లకుముకిపిట్ట, పికిలిపిట్ట, జెముడుకాకి, పసులపోలిగాడు అన్నవి ఎవరో శ్రద్ధగా చూసి పెట్టిన పేర్లే. 19వ శతాబ్దంలో నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ తన భారతదేశ పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లను కూడా ఎక్కించాడు. ఇంగ్లీషులో ఆయన పేరే ఉన్న కలివికోడి 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్నాక, 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. ఆ పేరును అన్నేళ్ళూ దాచినవారు ఊరిజనం. పద్యాలు రాసేవాళ్ళం కాదు. నా వరకు ఇది ఫిర్యాదు కూడా కాదు, ఒక నేరాంగీకారం.

మొదటి రోజు సాయంత్రం నిప్పుకాకిని పోగొట్టుకున్నాను. అతను నా మోచేతిని తాకి, ముందుకు వాలిన ఒక కొమ్మ వైపు కళ్ళతో చూపించాడు. నల్లని తల, ఛాతీ మీద తెల్లని పట్టీ, దాని కింద ఎరుపు. అర నిమిషం కూడా చూడకుండానే, ఆ ఎరుపుకు సరిపోయే మాట ఎక్కడ జారిపోతుందోనని నేను తల వంచి నోట్‌బుక్ తెరిచాను. తల ఎత్తేసరికి పక్షి అక్కడే ఉంది గాని వెనక్కి తిరిగి ఉంది. మట్టిరంగు వీపు తప్ప మరేమీ కనిపించలేదు. మనిషి అలికిడి తగిలితే అది అలాగే ఎర్రని కడుపును దాచుకుని వీపు చూపిస్తుందనీ, ఎంతసేపైనా కదలకుండా ఉండగలదనీ అతను గుసగుసగా చెప్పాడు. ఇరవై నిమిషాలు ఆ వీపునే చూశాము. ఆ తరువాత అది ఎగిరిపోయింది.

ఆ రాత్రి దోమతెర లోపల కూర్చుని ఒక సీసపద్యం పూర్తిచేశాను. మోదుగుపూవు, సంజకెంజాయ, కుంకుమభరిణ, కాలుతున్న నెగడు అని నాలుగు పాదాలకు నాలుగు ఉపమానాలు. యతులన్నీ కుదిరాయి, ఎత్తుగీతి కూడా బాగానే వచ్చింది. తెల్లవారి మళ్ళీ చదువుకున్నప్పుడు, విద్యార్థుల పద్యాలకు నేను పెట్టే పరీక్షనే దానికి పెట్టాను: ఇందులోంచి పక్షి పేరు తీసేసి 'దానిమ్మపూవు' అని పెడితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఎర్రనిది ఏదైనా సరే ఆ పద్యంలో హాయిగా కూర్చుంటుంది. నేను నిజంగా చూసినది ఇరవై నిమిషాల మట్టిరంగు వీపును. దాని గురించి అందులో ఒక్క అక్షరం లేదు.

రెండో రోజు ఉరులన్‌తన్ని వైపు అడవికి వెళ్ళాము. ముందు ఏనుగుల జాడ చూసి, తాజా లద్దె లేదని నిర్ధారించుకున్నాకే అతను నన్ను లోపలికి రానిచ్చాడు. గంటన్నర పాటు ఏమీ లేదు. అడవి ఖాళీ అయిపోయిందా అనిపించిన సమయంలో ఒక్కసారిగా చెట్లన్నీ పక్షులతో నిండిపోయాయి. కొమ్మల చివర ఎర్రని మినివెట్‌లు, బెరడు మీద తలకిందులుగా పాకే నట్‌హాచ్‌లు, వీపున గుండె ఆకారపు నల్లని మచ్చలున్న చిన్న వడ్రంగిపిట్ట, కింద పొదలలో గుంపుగా గొణుక్కునే బాబ్లర్‌లు, అన్నీ ఒకే దిక్కుకు సాగుతున్నాయి. రకరకాల జాతులు కలిసి ఇలా మందగా మేతకు తిరగడం వానల అడవుల అలవాటట: ఎక్కువ కళ్ళు కాపలా ఉంటాయి, ఒకటి కదిలించిన పురుగు ఇంకొకదానికి దొరుకుతుంది. పది నిమిషాలలో అంతా దాటిపోయింది, అడవి మళ్ళీ ఖాళీ.

ఆ మందలో నా మనసు పట్టుకున్నది మన పసులపోలిగాడికి దాయాది అయిన పక్షి, తోక చివర రెండు సన్నని తీగలకు రెండు ఈకల బిళ్ళలు వేలాడదీసుకుని తిరిగే పెద్ద డ్రాంగో. మలయాళంలో కాడుముళక్కి, అంటే అడవిని మారుమోగించేది. దాని సొంత గొంతు ఏదో నాకు చివరిదాకా తెలియలేదు; ఒకసారి డేగలా అరిచింది, ఒకసారి బాబ్లర్‌లా గొణిగింది, ఒకసారి పిల్లికూత కూసింది. ఇతరుల గొంతులతో అడవినంతా మోగించే ఆ పక్షిని చూస్తే నాకు నవ్వు వచ్చింది. పదకొండు కోకిల పద్యాల కవయిత్రికి అంతకంటె దగ్గరి చుట్టం ఎవరుంటారు? అయితే ఒక తేడా ఉంది. ఆ అనుకరణతో దానికి కడుపు నిండుతుంది. గొంతు మార్చి తోటి పక్షులను దగ్గర చేర్చుకుని, అవి లేపిన పురుగులను తింటుంది.

మధ్యాహ్నం ఒక జువ్విచెట్టు కింద అన్నం పొట్లాలు విప్పుకున్నప్పుడు పైనుంచి ముసలివాడు పగలబడి నవ్వినట్టు ఒక కేక వినిపించింది. పండ్ల కోసం వచ్చిన బూడిదరంగు హార్న్‌బిల్ అది. కోళి వేళాంబల్ అంటారు. గూడుకాలంలో ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి, చిన్న సందు మాత్రం వదిలి తలుపు మూసేసుకుంటుంది. మగది ఆ సందులోంచి పండ్లు అందిస్తుంది. వేళాంబల్ గురించి మీ వాళ్ళు ఏమంటారని అడిగాను. "వాన కోసం నోరు తెరుచుకుని ఎదురుచూస్తుందంటారు టీచర్. ఎవరైనా ఆశగా ఎదురుచూస్తుంటే, వేళాంబల్‌లాగా అంటాము," అన్నాడు. మా భాషలో ఆ పని చాతకానిదని చెప్పాను. అతను కొంచెంసేపు ఆలోచించి, "మరి ఇది వానకు ఎదురుచూడడం మీరు చూశారా?" అని నన్నే అడిగాడు. తాను మాత్రం పన్నెండేళ్ళుగా ఈ అడవిలో తిరుగుతూ, వానలో తడిసి ముద్దయి చిరాకుగా కూర్చున్న వేళాంబల్‌లనే చూశానన్నాడు. ఆ పూట నేను రాసుకున్నది ఆ ఒక్క వాక్యమే.

మూడో రోజు ఉదయం తొమ్మిది గంటలకు అతను నన్ను ఒక వెదురుపొద ముందు నిలబెట్టి, నోట్‌బుక్ తీసి తన చేతికి ఇవ్వమన్నాడు. ఇచ్చాను. ఎదురుగా తీగలు అల్లుకుని, రాలిన ఆకులు వాటిలో చిక్కుకుని, అడవిలో వెయ్యి చోట్ల ఉండే చిందరవందరే అక్కడా ఉంది.

"ఆ వంకర తీగ చూడండి టీచర్. దాని మీద రెండు ఎండుటాకులు."

"చూశాను. ఆకులే ఉన్నాయి తమ్ముడూ."

"అవే."

అవే. గోరింకంత పక్షులు రెండు, ఒకదానికొకటి ఒరుసుకుని కూర్చున్నాయి. ఒకటి బూడిదరంగు, అది మగది. ఒకటి తుప్పురంగు, అది ఆడది. కప్పనోటి పక్షులు; మలయాళంలో మాక్కాచ్చిక్కాడ. రాత్రిపూట పురుగులను పట్టి తిని, పగలంతా ఎండుటాకుల మధ్య ఎండుటాకుల్లా నిద్రపోతాయి. ఇది పక్షి అని తెలిసిన తరువాత కూడా నా కన్ను దాన్ని పక్షిగా ఒప్పుకోవడం లేదు. ముక్కు ఇది, రెక్క ఇది అని ఒక్కొక్క భాగాన్ని కూడబలుక్కుంటూ పోతుంటే మధ్యలో జారిపోయి మళ్ళీ ఆకైపోతోంది. మొదటిసారి అక్షరాలు నేర్చుకునే పిల్లలకు పదం ఇలాగే పట్టుబడుతుంది, ఇలాగే జారిపోతుంది. దగ్గరికి పోవద్దని, ఫోటో కోసం ఫ్లాష్ వేయవద్దని ముందే చెప్పాడు కాబట్టి ఉన్నచోటే నిలబడి చూస్తూ ఉండిపోయాను. చేతిలో కలం లేకపోవడంతో మాటల కోసం తడుముకోవడం కూడా ఆగిపోయింది.

ఎంతసేపు గడిచిందో తెలియదు. తుప్పురంగు ఆకు ఒక కన్ను తెరిచింది. పసుపుపచ్చని వలయం, మధ్యలో నల్లని పాప. అది నేరుగా నా మీదే ఉంది. బెదురు లేదు, ఆసక్తి కూడా లేదు. నేను ఏమిటో తేల్చుకున్నంతసేపు చూసి, మళ్ళీ సన్నగా మూసుకుంది. మరుక్షణం అక్కడ ఎండుటాకు మాత్రమే ఉంది. అడవిలో మూడు రోజులుగా నేను చేస్తున్న పనిని ఆ పక్షి మూడు క్షణాలలో ముగించింది.

నాలుగో రోజు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఉక్కపోతకు తల నొప్పి చేసి గది వరండాలోనే కూర్చున్నాను. నాలుగు రోజులకు నేను చూసిన జాతులు అరవై ఒకటి. పక్షుల జాబితాలు రాసుకునేవారికి అది చిన్న లెక్కే.

తిరుగు రైలులో మొదట సీసంగానే మొదలుపెట్టాను, అలవాటు అలాంటిది. ఎనిమిది ముక్కల పాదంలో నింపడానికి నా దగ్గర సరుకు లేదని కోయంబత్తూరు దాటేలోపే తెలిసిపోయింది. నింపితే మళ్ళీ మోదుగుపూలు, కుంకుమభరిణలు వచ్చేస్తాయి. జరిగినది చిన్నది: ఒక కన్ను తెరుచుకుంది, మూసుకుంది. అందుకు చిన్న పాదాల ఆటవెలది చాలు. ఇంటికి వచ్చాక మూడు వారాలపాటు రోజూ ఆ నాలుగు పాదాలే. మొదటి పాదం తొందరగా వచ్చింది. ఎండుటాకు అన్న మాట రెండుసార్లు పడడంతో యతి దానంతటదే సరిపోయింది. మూడో పాదంలో పచ్చని కన్ను అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి ఆ రంగును వదులుకున్నాను. నాలుగో పాదం దగ్గర పది రోజులు ఆగిపోయాను.

ఎండుటాకులందు నెండుటాకై నిల్చి
పగటివేళ దాగు పక్షివీవు
కన్ను విప్పువరకు గాని తెలియలేదు
చూడవచ్చి నేనె చూడబడితి

నా చిక్కు 'చూడబడితి' అన్న మాటతోనే. తెలుగుకు కర్మణి ప్రయోగం అతకదని, 'రాముడిచేత రావణుడు చంపబడెను' వంటి వాక్యం వ్యాకరణం పుస్తకంలో తప్ప ఎవరి నోటా పలకదని ముప్పయ్యేళ్ళు తరగతిలో చెప్పినదాన్ని నేను. విద్యార్థులు 'బడు' వాడితే ఎర్ర సిరాతో కొట్టేసిన చేయి ఇది. అందుకని 'నన్నె చూచె నీవు' అని, ఇంకా ఏవేవో విధాల మార్చి చూశాను. అర్థం అదే గాని, ఆ పొద ముందు నిలబడినప్పుడు నాలో కలిగిన ఇబ్బంది ఏ ఒక్కదానిలోనూ లేదు. ఆ క్షణంలో నేను కర్తను కాను. భాషకు అతకనిదిగా అనిపించే ఆ 'బడు'లోనే ఆ ఇబ్బంది ఉంది. చివరికి దాన్నే ఉంచాను. నా పాత విద్యార్థులలో ఎవరైనా ఇది చదివితే వారి ఎర్ర సిరా వారు వాడుకోవచ్చు.

పద్యాన్ని చదివి, వాయిస్ మెసేజ్‌గా గైడ్‌కు పంపించి, అర్థం ఇంగ్లీషులో చెప్పాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. బాగుంది టీచర్, కాని మాక్కాచ్చిక్కాడ అన్న మాట నాకు ఎక్కడా వినబడలేదే, అని అడిగాడు. తెలుగులో దానికి పేరు లేదు కదా అని చెబుదామనుకుని, అతని మెసేజ్ మరొకసారి విన్నాను. అతని గొంతు వెనుక దూరంగా కుట్టురువన్ కూస్తోంది. లగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎనిమిది దాటాయి, ఆ పిట్ట పాదం చివర ఆగలేదు.